స్వర్గంలో వేరింటి కాపురం

ఊరన్నాక సందులూ గొందులూ ఉండాలి. కొత్తవాడు నాలుగుసార్లు దారి తప్పి, నలుగురిని అడిగి, అందులో ఇద్దరు చెప్పిన తప్పుదారిన పోయి, చివరికి ఎలాగో గమ్యం చేరుకుంటేనే ఊరు చూసినట్టు. ఆ ముచ్చట సాల్ట్ లేక్ సిటీలో తీరదు. అమెరికాలో పడమటి రాష్ట్రాలలో ఒకటైన యూటాకి ఇది రాజధాని. ఊరి నడుమ గుడి. గుడి ఆవరణకు ఆగ్నేయపు మూల ఒక రాతి గుర్తు. అక్కణ్ణుంచి నాలుగు దిక్కులకీ లెక్క. తూర్పుకి ఎనిమిది వీధులు, దక్షిణానికి మూడు వీధులు నడిస్తే మీరు నిలబడ్డ చోటి పేరు "ఎనిమిది వందల తూర్పు, మూడు వందల దక్షిణం". మన శ్రీరంగం కూడా గుడి చుట్టూ అల్లుకున్న ఊరే కాని, అక్కడ వీధిని నోరారా పేరుతో పిలుచుకోవచ్చు. ఇక్కడ చిరునామా చెబుతూ ఉంటే ఎక్కం ఒప్పజెప్పుతున్నట్టు ఉంటుంది.

వీధులా, 132 అడుగుల వెడల్పు! ఎద్దులు కట్టిన బండిని ఇబ్బంది లేకుండా వెనక్కి తిప్పుకోవడానికి అంత చోటు వదిలారని చెబుతారు. ఆ బండ్లలోనే, వెయ్యి మైళ్ళకు పైగా ఎడారులూ కొండలూ దాటి, 1847 జూలై 24న బ్రిగమ్ యంగ్ అనే నాయకుడు తన జనంతో ఈ ఉప్పు సరస్సు ఒడ్డుకు చేరాడు. వారి ప్రవక్త జోసెఫ్ స్మిత్‌ను 1844లో ఇల్లినాయిలో ఒక జైలులో ఉండగానే అల్లరిమూక కాల్చి చంపింది. ఇక ఎవరూ ఆశపడని భూమి చూసుకుందామని వీళ్ళు ఇంతదూరం వచ్చారు. లోకం వీళ్ళను మార్మన్లంటుంది. 1830లో జోసెఫ్ స్మిత్ అచ్చువేయించిన "బుక్ ఆఫ్ మార్మన్" అనే గ్రంథాన్ని బైబిలుతో పాటు పవిత్రంగా చూస్తారు గనుక ఆ పేరు వచ్చింది. ఆ పేరు వాడవద్దనీ, తమది యేసు క్రీస్తు కడవరి దినాల పరిశుద్ధుల సంఘమనీ వాళ్ళ పెద్దలు 2018 నుంచి గట్టిగా కోరుతున్నారు. న్యాయమే. కాని ప్రతి వాక్యంలోనూ అంత పొడుగు పేరు రాస్తే సంపాదకులు నా వ్యాసాన్ని సగానికి కోస్తారు. అందుచేత పాత పేరే వాడుతున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ ఈ ఊరికి దక్షిణాన ఒక పేటలో కాపురముంటున్నారు. పోయిన వేసవిలో నేనూ మా ఆవిడా రెండు నెలలు వాళ్ళ దగ్గర ఉన్నాం. పక్కింట్లో ఒక వృద్ధ దంపతులు. ఆయన బడిపంతులుగా పనిచేసి విరమించుకున్నవాడు. పేరుతో పిలవమని ఎంత చెప్పినా నా నోట మాస్టారనే వచ్చేది. మా ఆవిడ ఆయన భార్యను "అక్కగారూ" అనేది. ఆమెకు ఆ మాట అర్థం తెలియకపోయినా రెండో రోజు నుంచే పలకడం మొదలుపెట్టింది. కాఫీ, టీలు వాళ్ళ మతంలో నిషిద్ధం. 1833 నాటి ఆజ్ఞ అది. మా అమ్మాయి ముందే చెప్పి ఉంచింది కనుక మా ఆవిడ అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ ఇచ్చింది. స్నేహం కుదరడానికి ఆ రెండు గ్లాసులే చాలాయి. ఊరు చూపించే పూచీ మాస్టారు తన మీద వేసుకున్నారు.

గుడి లోపలికి వెళ్ళే భాగ్యం మాకు లేదు. మామూలు రోజుల్లోనైనా నియమనిష్ఠలతో నడిచే మార్మన్లకే లోపలికి ప్రవేశం. ఇప్పుడేమో భూకంపానికి తట్టుకునేలా పునాదులు బలపరచడానికని 2019 డిసెంబరు 29 నుంచి గుడి మూసేశారు. పని మొదలుపెట్టిన మూడో నెలలోనే, 2020 మార్చి 18న, నిజంగానే భూకంపం వచ్చి శిఖరం మీది దేవదూత మొరోనై చేతిలోని బంగారు బాకా జారి పడింది. మరమ్మతులు అనవసరం అన్నవాళ్ళ నోళ్ళు ఆ బాకాతో మూతపడ్డాయని మాస్టారు నవ్వారు. తిరిగి ప్రతిష్ఠ జరిగేముందు 2027లో కొన్ని నెలలపాటు అన్ని మతాలవారినీ లోపలికి రానిస్తామని ప్రకటించారు.

బయటినుంచి చూసినా తృప్తిగానే ఉంటుంది. 1853లో శంకుస్థాపన చేసి 1893లో ముగించారు. సరిగ్గా నలభై ఏళ్ళు. ఇరవై మైళ్ళ అవతల కొండలోయలోంచి రాయి తెచ్చారు. మొదట్లో ఎద్దులే లాగాయి. గోడ అడుగున తొమ్మిది అడుగుల మందం. శంకుస్థాపన చేసినవాళ్ళలో చాలామంది శిఖరం చూడకుండానే పోయారు. పక్కనే తాబేటి డిప్పలాంటి పైకప్పుతో టాబర్నకిల్ అనే ప్రార్థనాశాల ఉంది. అందులో 11,623 గొట్టాల ఆర్గను. ఒక కొసన గుండుసూది జారవిడిస్తే రెండో కొసన వినిపిస్తుంది. మా ఆవిడకు గుడికంటే ఇదే నచ్చింది.

ఆవరణలో చెట్టుకింద బెంచీ మీద కూర్చున్నాక నేను మాస్టారిని అడిగాను: "మీ దేవుడికీ తక్కిన క్రైస్తవుల దేవుడికీ తేడా ఏమిటండీ?" ఆయన కాస్సేపు బూట్లకేసి చూసుకుని, మా దేవుడికి శరీరం ఉందండీ అన్నారు. అలంకారానికి అన్న మాట కాదు; రక్తం మాట ఎలా ఉన్నా మాంసమూ ఎముకలూ ఉన్న శరీరమే. ఇంకో మెట్టు ఎక్కితే, జోసెఫ్ స్మిత్ చనిపోవడానికి మూడు నెలల ముందు, 1844 ఏప్రిల్ 7న, బావి తవ్వుతూ ప్రమాదంలో పోయిన ఒక స్నేహితుడి సంస్మరణ సభలో చేసిన ప్రసంగం ఉంది. భగవంతుడు కూడా ఒకప్పుడు మనలాంటి మనిషేననీ, మనుషులు కూడా ఆ స్థితికి ఎదగవచ్చుననీ, జీవుణ్ణి ఎవరూ సృష్టించలేదనీ, జీవుడు అనాది అనీ ఆ ప్రసంగ సారాంశం.

జీవుడు అనాది అంటే మన చెవికి కొత్త కాదు. కాని ఇంట్లో వేదాంతం విని పెరిగినవాడు ఇక్కడ తొందరపడి అద్వైతమని చప్పట్లు కొట్టకూడదు. వీళ్ళ జీవుడు దేవుడిలో లీనం కాడు. ఎవరి ఒళ్ళు వారిదే, ఎవరి ఇల్లు వారిదే. పైకి వెళ్ళినా ఆలుబిడ్డలతో కలిసి గృహస్థుడిగానే ఉంటాడు. సన్యాసం ఊసే లేని మోక్షం!

"మరి దేవుడు ఒకప్పుడు మనిషి అయితే, ఆయనకు మరో దేవుడు ఉండి ఉండాలి కదా? ఆయన పైన ఇంకొకడు?" అన్నాను. మాస్టారు, "తెలియదు" అన్నారు. ఆ తెలియదులో తడబాటు లేదు, నామోషీ లేదు. వాన వస్తుందా అని అడిగితే చెప్పే తెలియదులా ఉంది. 1997లో వాళ్ళ సంఘాధ్యక్షుడు గోర్డన్ హింక్లీని పత్రికలవాళ్ళు ఇదే ప్రశ్న అడిగితే, దాన్ని తాము బోధిస్తున్నామని కూడా చెప్పలేనన్నట్టు జవాబిచ్చాడట. ప్రవక్త ప్రసంగంలో ఉన్న మాట నేటికీ విశ్వాసులు చదువుకుంటారు; ఎంతవరకు నమ్మాలో ఎవరి మనసుకు వారు చెప్పుకోవలసిందే.

అక్కడినుంచే ఇంకో చిక్కు పుట్టింది. దేవుడు ఎదిగినవాడైతే ఇంకా ఎదుగుతున్నాడా? కొత్త సంగతులు నేర్చుకుంటాడా? బ్రిగమ్ యంగ్ నేర్చుకుంటాడన్నాడు. ఆయన కింద అపొస్తలుడైన ఆర్సన్ ప్రాట్, దేవుడు ఎప్పుడో సర్వజ్ఞుడైనాడు, నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదన్నాడు. ఈ ప్రాట్ గణితశాస్త్రజ్ఞుడు; ఇందాక చెప్పిన ఆగ్నేయపు మూల గుర్తు దగ్గర 1847 ఆగస్టులో కొలతలు వేసి ఊరికి మొదటి బిందువు నిర్ణయించినవాడు. లెక్కల మనిషికి లెక్క పూర్తికాని దేవుడు గిట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇద్దరూ ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. అధ్యక్షుడికి ఎదురాడినందుకు ప్రాట్ బహిరంగంగా చీవాట్లు కూడా తిన్నాడు. తమాషా ఏమిటంటే, 1980లో బ్రూస్ మెకాంకీ అనే మరో అపొస్తలుడు, దేవుడు ఇంకా నేర్చుకుంటున్నాడనడమే అపసిద్ధాంతమన్నాడు. నూరేళ్ళ కిందట ఓడినవాడి పక్షానికి బలం వచ్చింది. అయినా వాదం తేలిపోయిందని మాస్టారు ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పాను. నేర్చుకోవడం మానేసిన పంతులు మంచి పంతులని నేననుకోను. దేవుడి సంగతి నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

గుడికి పడమటగా వీధి దాటితే వంశవృక్షాల గ్రంథాలయం. ఎవరైనా వెళ్ళవచ్చు, రుసుము లేదు. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్ళు గుడిలో బాప్తిస్మం తీసుకోవచ్చునని మార్మన్ల విశ్వాసం. అందుకు పూర్వీకుల పేర్లు కావాలి. పేర్ల కోసం దేశదేశాల రిజిస్టర్లనూ ఫిల్ముల మీదికి ఎక్కించి, ఊరి దగ్గరి కొండను తొలిచి, 1965లో పూర్తయిన సొరంగంలో ఇరవై లక్షలకు పైగా ఫిల్ము చుట్టలు భద్రపరిచారు. ఇప్పుడవి కంప్యూటర్లకు ఎక్కాయి. హరిద్వారంలో పండాల దగ్గరుండే చిట్టాలున్నాయే, తాతముత్తాతల పేర్లు చదివి మనల్ని నిలబెట్టేసే ఆ పొడుగు చిట్టాలు, వాటిలో కూడా చాలావాటిని వీళ్ళు ఫిల్ము తీసి పెట్టుకున్నారు.

గయలో పిండం వేసే మనకు, పోయినవారికి ఉన్నవారు ఏదో చేయగలరన్న నమ్మకం విడ్డూరంగా తోచదు. మన కర్మకాండలో పితృదేవతల సమ్మతి ఎవరూ అడగరు. వీళ్ళు అడుగుతారు! పరలోకంలో ఆ ఆత్మ ఒప్పుకుంటేనే బాప్తిస్మం చెల్లుతుంది, కాదంటే లేదు. ఒప్పుకున్నదో లేదో ఇక్కడివాళ్ళకు తెలిసే దారి లేదు. బతికున్న బంధువులు మాత్రం ఒప్పుకోకపోవచ్చు. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లమీద ఇలా బాప్తిస్మాలు జరిగాయని తెలిసి వారి సంతతి మండిపడితే, 1995లో సంఘం దాన్ని ఆపుతామని మాట ఇచ్చింది. ఆ తరవాత కూడా కొన్ని పేర్లు దొర్లాయి. పరాయివాడి తాతను అడగకుండా ఎత్తుకొచ్చి మన పంక్తిలో కూర్చోబెట్టడం ఎంత ప్రేమతో చేసినా అమర్యాదే అని నా అభిప్రాయం. మాస్టారు కాదనలేదు.

ఆయన గొంతు ఒక్కసారి మాత్రం బరువెక్కింది. 1852 నుంచి 1978 దాకా నల్లజాతివారికి ఈ సంఘంలో పౌరోహిత్యం లేదు. గుడిలో ముఖ్యమైన సంస్కారాలు లేవు. 1978 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేశారు. అంతకాలం ఉన్న నిషేధానికి చెప్పిన కారణాలన్నిటినీ 2013లో సంఘమే తోసిపుచ్చింది. కారణాలు తప్పయితే నిషేధం ఎవరిది? దేవుడిదా, మనుషులదా? "ఆ వార్త రేడియోలో విన్న రోజు ట్రక్కు రోడ్డు పక్కన ఆపి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. తరవాతే ఈ ప్రశ్న వచ్చింది. ఇంకా పోలేదు" అన్నారు. ఇక్కడ మన తెలుగువారి ప్రసక్తి కూడా ఒకటి చెప్పుకోవాలి. ఆ 1978లోనే, డిసెంబరులో, సమోవా దీవుల్లో ఈ మతం పుచ్చుకున్న ఒక తెలుగు దంపతులు హైదరాబాదు వచ్చి తమ చుట్టాలలో ఇరవైమందికి పైగా బాప్తిస్మం ఇప్పించారు. 1982లో బుక్ ఆఫ్ మార్మన్ నుంచి ఏరిన భాగాలు తెలుగులో వచ్చాయి. 2012లో మన దేశంలోకెల్లా మొదటి స్టేకు, అంటే అనేక స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, హైదరాబాదులోనే ఏర్పడింది.

గుడికి తూర్పున కొద్ది దూరం నడిస్తే బ్రిగమ్ యంగ్ ఇళ్ళు. 1856లో కట్టిన ఒకదానికి గుమ్మంపైన సింహపు బొమ్మ ఉంటుంది కనుక లయన్ హౌస్ అంటారు. మేము వీధిలోంచే చూశాం. పై అంతస్తు పొడుగునా, అటూ ఇటూ, చూరులోంచి పొడుచుకు వచ్చిన కిటికీలు. కిటికీకి ఒక గది. యంగ్‌కు యాభైకి పైగా పెళ్ళిళ్ళు. భార్యలలో పలువురు ఈ గదులలో ఉండేవారు. బహుభార్యత్వాన్ని 1890లో సంఘం ప్రకటన చేసి ఆపింది. నేడు రెండో పెళ్ళాన్ని కట్టుకున్నవాణ్ణి సంఘంలోంచి వెలివేస్తారు.

ఆ గదులలో ఒకదానిలో ఎలైజా స్నో అనే కవయిత్రి ఉండి, 1887లో అక్కడే కన్నుమూసింది. పరలోకంలో తండ్రి ఒక్కడే ఎలా ఉంటాడు, తల్లి కూడా ఉండాలి కదా అన్న ఆలోచనతో ఆమె 1845లో ఒక కీర్తన రాసింది. అది నేటికీ పాడుకుంటారు. పరలోకపు తల్లి ఉన్నదని సంఘం అధికారికంగానే ఒప్పుకుంటుంది. అయితే ఆమెను ప్రార్థించరు. ఆమె పేరేమిటో, ఏం చేస్తుందో, ఒక్కతేనా, ఎవరూ చెప్పరు. తిరుపతిలో అమ్మవారు కొండమీద లేదని అనుకుంటాం గాని, కిందనైనా ఆమెకు అలమేలుమంగాపురం ఉంది. ఊరుంది, తేరుంది, పంచమీ తీర్థం ఉంది. ఇక్కడ తల్లి ఉన్నది, కాని మొర పెట్టుకునే చోటు లేదు. "మీకు అడగాలనిపించదా?" అని మా ఆవిడ ప్రశ్న. అక్కగారు, "మాటలతో అడగను" అని ఊరుకుంది.

అసలు సంగతి తరవాత బయటపడింది. మార్మన్లకు గుడిలో జరిగే పెళ్ళి చావుతో తీరిపోయేది కాదు. అనంతకాలానికీ వేసే బ్రహ్మముడి అది. మాస్టారి మొదటి భార్య నలభై రెండేళ్ళకే కాన్సరుతో పోయింది. ఆమెకూ ఆయనకూ ఆ ముడి పడింది. అక్కగారి మొదటి భర్త గుండెపోటుతో పోయాడు. ఆమెకూ అతనికీ ఆ ముడి పడింది. ఈ ఇద్దరూ పెళ్ళిచేసుకుని ఇరవై రెండేళ్ళు. పురుషుడు భార్య పోయాక మరొకరితో కూడా గుడిలో ముడి వేయించుకోవచ్చు. బతికున్న స్త్రీకి ఒక్క ముడే. అందుచేత వీళ్ళది ఈ లోకం వరకే చెల్లే పెళ్ళి. ఇద్దరికీ తెలిసే చేసుకున్నారు.

మా ఆవిడకు సగం అర్థమై, సగం కాక, మా అమ్మాయి చేత అడిగించింది: "అయితే అక్కడికి వెళ్ళాక మీరు ఎవరింట్లో ఉంటారు అక్కగారూ?" అమ్మాయి అనువదించడానికి మొహమాటపడింది. ఆవిడ బలవంతం చేసి అడిగించుకుని, పకపకా నవ్వి, ఈ ప్రశ్న మీది ఒక్కరిదే కాదంది. 2019 అక్టోబరు మహాసభలో డాలిన్ ఓక్స్ అనే పెద్ద, ఆయనే 2025లో సంఘాధ్యక్షుడయ్యాడు, తనకు వచ్చిన ఒక ఉత్తరం సంగతి చెప్పాడు. భార్య పోయిన ఒకాయనను గుడిలో పెళ్ళాడబోతున్న స్త్రీ రాసిన ఉత్తరం అది. పరలోకంలో నాకు వేరే ఇల్లు ఉంటుందా, ఆయన మొదటి భార్యతో కలిసి ఉండాలా అని ఆమె అడిగింది. సభలో కొందరు నవ్వారు. పరలోకం గురించి మనకు తెలిసింది బహు తక్కువ, ప్రభువును నమ్ముకో అని ఓక్స్ జవాబిచ్చాడు. సభలో నవ్వినవాళ్ళ మీద ఎందరో స్త్రీలకు కోపం వచ్చింది. సవతి పోరు కథలు విని పెరిగినదాన్ని, నాకూ వచ్చేదే అంది మా ఆవిడ. ఆ ఉత్తరం రాసినామె అడిగింది వేదాంతం కాదు, వంటిల్లు ఎవరిదని!

ఇంకొక నియమం కూడా మాస్టారే చెప్పారు. స్త్రీ చనిపోయాక, భర్తలు కూడా పోయాక, ఆమె చట్టప్రకారం పెళ్ళాడిన ప్రతి భర్తతోనూ వంశంవాళ్ళు ముడి వేయించవచ్చు. అప్పుడు ఆమె ఎవరి భార్య? అది అక్కడ తేలుతుందంటారు. "మా మనవలు ఆ పని చేస్తారేమో. చెయ్యమని మేము అడగలేదు. వద్దనీ చెప్పలేదు" అన్నారు మాస్టారు. అక్కగారు ఆయన కోటు మీద ఆకు దులిపింది.

సాయంత్రం తిరుగుదారిలో మాటల మధ్య తెలిసింది. మాస్టారి మొదటి భార్య సమాధి రాయి ఈ ఊళ్ళోనే ఉంది. అందులో సగం మీద ఆయన పేరు ఎప్పుడో చెక్కారు. పుట్టిన తేదీ కూడా ఉంది, రెండో తేదీ ఒక్కటే ఖాళీ. అక్కగారి పేరు దక్షిణాన ప్రోవో పట్నంలో ఆమె మొదటి భర్త రాయి మీద, అలాగే, సగం ఖాళీగా ఉంది. రెండు ఊళ్ళకూ నడుమ దూరం నలభై అయిదు మైళ్ళు. మా ఆవిడ వెనక సీట్లో చాలాసేపు మాట్లాడలేదు. అది గమనించిన అక్కగారు ముందు సీట్లోంచి తిరిగి, "ఆ రోడ్డు తిన్నగానే ఉంటుంది లెండి, ఈయన దారి తప్పడు" అంది. మాస్టారు అద్దంలోకి చూసి, ఆ రోడ్డు మీద ఎప్పుడూ కారు నడిపేది తానేననీ, ఆవిడ పక్కన కూర్చుని నిద్రపోతుందనీ ఫిర్యాదు చేశారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇల్లు చేరేదాకా ఇద్దరూ దాని మీదే వాదించుకున్నారు.